దేశాల మధ్య జరిగే పాటల పోటీ యూరోవిజన్‌లో, 2016లో, జ్యూరీ మార్కుల్లోనూ, ప్రేక్షకుల ఓట్లలోనూ మొదటి స్థానం రాని ఉక్రెయిన్ ఎలా గెలిచింది?

రెండింట్లోనూ రెండో స్థానం రావడం వల్లే. ఆ ఏడాది స్టాక్‌హోమ్‌లో రెండు రకాల మార్కులూ మొదటిసారి విడివిడిగా ప్రకటించి కలిపారు. జ్యూరీలు ఆస్ట్రేలియాకి, జనం రష్యాకి ఎక్కువ వేశారు గానీ, జ్యూరీల దగ్గర రష్యా, జనం దగ్గర ఆస్ట్రేలియా వెనకబడ్డాయి. చివరికి ఉక్రెయిన్ 534, ఆస్ట్రేలియా 511, రష్యా 491.

ఉక్రెయిన్ తరఫున జమాలా పాడిన ఆ పాట పేరు '1944'. సోవియట్ నేత స్టాలిన్, నల్లసముద్రం ఒడ్డునున్న క్రిమియాలోని తాతార్ జాతివాళ్ళను ఊళ్ళకు ఊళ్ళే ఖాళీ చేయించి మధ్య ఆసియాకు తరలించిన సంవత్సరం అది, వెళ్ళినవాళ్ళలో ఆమె ముత్తవ్వ కూడా ఉంది. రాజకీయ పాటలు కుదరవని రూల్ ఉంది కదా అంటే, ఇది చరిత్రేనని నిర్వాహకులు ఒప్పుకున్నారు. 2014లో రష్యా ఉక్రెయిన్ నుంచి క్రిమియాను కలిపేసుకున్నాక వచ్చిన పాటలో రాజకీయం లేదనడం నాకైతే విడ్డూరమే, పాట మాత్రం అదిరిపోతుంది.