మట్టి దారి, మండే ఎండ: టైర్లలో గాలి ఎంత ఉండాలి?

ప్రశ్న: ఎండాకాలంలో నాలుగు రోజులు మట్టి దారుల్లో తిరగాలనుకుంటున్నాం. మాది ఫోర్ వీల్ డ్రైవ్ బండి. తారు రోడ్డు మీద టైర్లలో 34 పీఎస్‌ఐ ఉంచుతాను. ఎండకు టైరు పేలుతుంది, గాలి తగ్గించమని ఒకరు, పెంచమని ఇంకొకరు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరిదీ సగం నిజమే. టైరును పాడుచేసేది పైన ఎండ కన్నా లోపల పుట్టే వేడి. గాలి తక్కువైతే చక్రం తిరిగిన ప్రతిసారీ టైరు పక్కభాగం వంగి లేస్తుంది, వేడి పుట్టేది అక్కడే. వేగం పెరిగితే ఆ వేడీ పెరుగుతుంది. కాబట్టి గాలి, వేగం ఒకే కాడికి కట్టిన ఎద్దులు. ఒకటి తగ్గితే రెండోదీ తగ్గాలి.

గులకరాళ్ల దారికి 26–28, గతుకుల మట్టి దారికి 22–24, మెత్తటి ఇసుకకు 16–18తో మొదలుపెట్టండి. సామాను బాగా ఉంటే రెండు పాయింట్లు ఎక్కువ ఉంచండి. ఇసుకలో గంటకు 30–40 కిలోమీటర్లు దాటొద్దు, స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పొద్దు. 15 కంటే తగ్గితే మలుపులో టైరు అంచు రిమ్ము నుంచి ఊడిపోవచ్చు. తారు రోడ్డెక్కే ముందు మళ్లీ గాలి నింపాలి కనుక కంప్రెసర్ తప్పనిసరి. సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే చిన్నది పెద్ద టైర్లకు ఆలస్యం చేస్తుంది, మధ్యలో వేడెక్కి ఆగిపోతుంది కూడా. బ్యాటరీకి క్లిప్పులతో తగిలించేది కొనండి.

గాలి కొలవాల్సింది పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు. వేడి 5–6 డిగ్రీలు పెరిగితే ఒత్తిడి సుమారు 1 పీఎస్‌ఐ పెరుగుతుంది. మధ్యాహ్నం 34 కాస్తా 38 అయిందని గాలి తీసేస్తే, చల్లారాక ఉండాల్సిన దానికన్నా తక్కువే మిగులుతుంది. అంతకు మించి పెరిగిందంటే మాత్రం, పొద్దున బయల్దేరినప్పుడే గాలి తక్కువగా ఉందేమో చూసుకోండి.

ప్రశ్న: మిట్ట ఎక్కుతుంటే ఉష్ణోగ్రత ముల్లు ఎర్రగీత వైపు పోతోంది. వెంటనే ఇంజిన్ ఆపేయాలా?

జవాబు: ముల్లు పైకి పోతూ ఇంకా గీత దాటకపోతే వద్దు. ముందు ఏసీ ఆపి, హీటర్‌ను పూర్తి వేడిలో, ఫ్యాన్‌ను పూర్తి వేగంలో పెట్టండి. ఒళ్లు ఉడికిపోతుంది గానీ, హీటర్ కూడా చిన్న రేడియేటరే. తర్వాత బండి నిలిపి ఇంజిన్‌ను ఐడిల్‌లో ఉంచితే కూలెంట్ తిరుగుతూ వేడిని తీసుకుపోతుంది. ముల్లు గీత దాటినా, ఆవిరి వస్తున్నా, కింద కూలెంట్ కారుతున్నా ఇంజిన్ వెంటనే ఆపాలి.

రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. లోపల ఒత్తిడి ఉండబట్టే కూలెంట్ 100 డిగ్రీలు దాటినా మరగదు. మూత తీశారంటే ఒక్కసారిగా మరిగి ముఖాన కొడుతుంది. గొట్టం చేత్తో పట్టుకునేంత చల్లారాక తీయండి.

ఈ దారుల్లో అసలు దొంగ చాలాసార్లు గడ్డి గింజలే. రేడియేటర్ రెక్కల మధ్య ఇరుక్కుని గాలి ఆపేస్తాయి. ఇంజిన్ వైపు నుంచి ముందుకు నీళ్లు మెల్లగా పోసి కడగండి. జోరుగా కొడితే రెక్కలు వంగిపోతాయి. బండి కింద సైలెన్సర్ గొట్టం దగ్గర చిక్కుకున్న ఎండుగడ్డి అంటుకోగలదు. ఆగిన ప్రతిచోటా వంగి చూడండి. ఎండుగడ్డి మీద మాత్రం బండి ఆపొద్దు.

ప్రశ్న: ఇసుకలో దిగబడితే?

జవాబు: యాక్సిలరేటర్ వదిలేయండి. చక్రం తిరిగేకొద్దీ గొయ్యే లోతవుతుంది. చక్రాల ముందు, బండి పొట్ట కింద ఇసుక పారతో తీసి, గాలి 15కు దిగకుండా ఇంకాస్త తగ్గించి, లో రేంజ్ (వేగం తగ్గించి బలం పెంచే గేర్ల వరుస) రెండో గేరులో నెమ్మదిగా కదపండి. జాకీ కింద వెడల్పాటి చెక్క లేకపోతే జాకీయే దిగబడుతుంది. ఇంకో బండితో లాగించాల్సి వస్తే తాడును ఛాసిస్‌కు బిగించిన హుక్కుకే కట్టాలి. ట్రెయిలర్ తగిలించే గుండుకు ఎప్పుడూ కట్టొద్దు. అది విరిగితే తూటాలా ఎగిరివచ్చి ప్రాణం తీస్తుంది.

ప్రశ్న: నీళ్లు ఎన్ని తీసుకెళ్లాలి?

జవాబు: తాగడానికే మనిషికి రోజుకు 6 లీటర్లు, పైన రెండు రోజులకు సరిపడా అదనంగా. ఒకే పెద్ద డబ్బాలో వద్దు, పగిలితే అంతా పోతుంది. బండి ఆగిపోతే దాన్ని వదిలి నడవకండి. నీడ అక్కడే ఉంది, పైగా వెతికేవాళ్లకు మనిషి కన్నా బండే ముందు కనిపిస్తుంది.