బద్ధ శత్రువులైన తీవ్రవాద గుంపులు నిజంగా ఒకదాన్నొకటి పెంచి పోషిస్తాయా? మీరు దగ్గర్నుంచి చూశారా?

పెంచి పోషిస్తాయనే నేనంటా. కానీ చాలామంది అనుకునేట్టు చాటుగా కూర్చుని మాట్లాడుకుని కాదు. వాళ్ళకి ఒకళ్ళంటే ఒకళ్ళకి నిజంగానే చంపేసేంత పగ ఉండొచ్చు, ఒకళ్ళ మొహం ఒకళ్ళు జన్మలో చూసుండకపోవచ్చు, అయినా పని నడిచిపోద్ది, ఎందుకంటే ఇద్దరికీ అడ్డం ఒకడే, రెండువైపులా మాట కలిపే మామూలు మనిషి. వాడున్నంతకాలం ఊరు ఎవరికీ పూర్తిగా చిక్కదు. అందుకని దెబ్బ ముందు వాడికే పడుద్ది, అదీ ఎక్కువసార్లు సొంత వైపు నుంచే.

నేను 2000 తర్వాత కొన్నేళ్ళు ప్రకాశం జిల్లా పడమటి వైపు, దోర్నాల ఎర్రగొండపాలెం ఏరియాలో, ఒక పేపర్‌కి మండల కంట్రిబ్యూటర్‌గా పనిచేశా. జీతం ఉండదు, లైన్ అకౌంట్ అంతే, అచ్చయిన లైన్లని బట్టి డబ్బులు. తర్వాత నెల్లూరొచ్చి డీటీపీ, ఫ్లెక్సీ షాపు పెట్టుకున్నా, ఇప్పటికీ అదే పని. ఈ రెండు చోట్లా చూసిందే రాస్తన్నా, కొంచెం పొడుగైద్ది.

నల్లమల అంచు ఊళ్ళల్లో అప్పటి బతుకు ఎట్టా ఉండేదంటే, రాత్రి నక్సలైట్ల దళం వచ్చి అన్నం పెట్టమంటది, తుపాకీతో వచ్చినోళ్ళకి పెట్టనని ఎవరంటారు, తెల్లారి పోలీసులొచ్చి ఎందుకు పెట్టావని స్టేషన్‌కి తీసుకపోతారు, అక్కడ్నుంచి బయటపడి ఇంటికొస్తే రెండ్రోజులు స్టేషన్లో ఏం చెప్పొచ్చావని మళ్ళీ దళానికి అనుమానం. మా పక్క ఊళ్ళో ఒక ఆర్ఎంపీ ఉండేవాడు, ఎవరు దెబ్బతో వచ్చినా కట్టు కట్టేవాడు, వాళ్ళెవరని అడిగేవాడు కాదు. ఆయన్ని ఒకళ్ళు కొట్టారు, ఇంకొకళ్ళు బెదిరించారు, చివరికి భార్యాపిల్లల్ని తీసుకుని వినుకొండ పోయాడు. ఆ తర్వాత చెంచు గూడెంలో జ్వరమొచ్చినా ఆటో కట్టించుకుని రావాల్సిందే, రాత్రయితే అదీ లేదు. ఆయన తర్వాత ఒక టీచర్ ట్రాన్స్‌ఫర్ పెట్టుకున్నాడు, మా సర్పంచ్ మార్కాపురంలో ఇల్లు అద్దెకి తీసుకుని అక్కడ్నుంచే సంతకాలు పెట్టేవాడు. ఇట్టా ఒక్కొక్కళ్ళు పోతా ఉంటే ఊళ్ళో మిగిలేది పోలేని పేదోళ్ళు, ఇంక ఏదో ఒక వైపు గట్టిగా నిలబడ్డోళ్ళు. కొత్తగా ఎవరికన్నా కోపమొస్తే పోవడానికి ఆ రెండు తలుపులే.

కోపానికి అప్పుడు కొదవ లేదు. ఎన్‌కౌంటర్ అయిన కుర్రాడి శవం ఊరికొస్తే, కాల్చిన విధానం చూసి వాడి సావాసగాళ్ళలో ఒకడో ఇద్దరో నెల తిరక్కుండా అడవిలోకి పొయ్యేవాళ్ళు. ఇన్ఫార్మర్ అని దళం ఎవర్నన్నా చంపితే వాడి తమ్ముడు పోలీసుల వెనకాల తిరిగేవాడు. దళం చేసే పాటలు, మీటింగులు అంతమందిని తెచ్చేవి కావు, ఎన్‌కౌంటర్లు తెచ్చినంత. అవతలోళ్ళకీ అంతే, దళం చంపిన ప్రతి బీదోడి ఇంటి నుంచి వాళ్ళకి ఒక మనిషి దొరికేవాడు.

2004లో ఒక్కసారి గాలి మారింది. ఆ అక్టోబర్లో పీపుల్స్‌వార్ నక్సలైట్ల నాయకుడు రామకృష్ణ, ఆయన వెంటోళ్ళు ప్రభుత్వంతో చర్చల కోసం అడవిలోంచి బయటికొచ్చింది మా జిల్లా చినఆర్ట్ల కాడే, నేనూ పోయా, ఎంత జనమని, ట్రాక్టర్లలో లారీల్లో వచ్చారు. హైదరాబాద్‌లో అక్టోబర్ 15 నుంచి 18 దాకా చర్చలు జరిగాయి. ఆ కొన్ని నెలలు మావైపు జనం సంతకి పోయి చీకటి పడ్డాక కూడా నింపాదిగా ఇంటికొచ్చేవాళ్ళు, భూముల సంగతి, మంచినీళ్ళ సంగతి పైకి మాట్లాడేవాళ్ళు. నేను రాసిన వార్తల్లో నాకు ఇప్పటికీ ఇష్టమైనవి ఆ నెలల్లో రాసినవే, డెస్క్ వాళ్ళు అందులో సగం వేయలా. కాల్పులు లేని ఊరు వార్త కాదు కదా వాళ్ళకి. పేలితే ఫస్ట్ పేజీ, నూరుమంది కూర్చుని తగువు తెంచుకుంటే జిల్లా ఎడిషన్లో కూడా చోటుండదు. గొంతు పెంచినోడికే మనిషి బలం వచ్చేదాంట్లో మా పేపర్లోళ్ళ వాటా చిన్నది కాదు.

2005 జనవరికి చర్చలు చెడ్డాయి. ఏప్రిల్‌లో ఒంగోల్లో ఎస్పీ కారు మీద బాంబు. ఆగస్టు 15న నారాయణపేటలో ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డిని చంపారు, 17న నక్సలైట్ల పార్టీ మీద మళ్ళీ నిషేధం పెట్టారు. ఆ వెంటనే నక్సలైట్లకి వ్యతిరేకంగా కోబ్రాలని గుంపులు దిగాయి. నల్లమల కోబ్రాస్, నర్సా కోబ్రాస్, కాకతీయ కోబ్రాస్, రకరకాల పేర్లు. వీళ్ళు పోలీసులు పెట్టించిన మనుషులే అని పౌరహక్కులవాళ్ళన్నారు, కాదని పోలీసులన్నారు. ఒకటి మాత్రం అందరూ కళ్ళారా చూశారు, నక్సలైట్ల మీద పగ అని వచ్చినోళ్ళు అడవిలోకి పోయి తుపాకీ ఉన్నోళ్ళతో కొట్లాడలా. మహబూబ్‌నగర్ జిల్లాలో పౌరహక్కుల సంఘంలో పనిచేసే కనకాచారి అనే టీచర్ని ఆ ఆగస్టులోనే చంపారు. మావైపు కూడా సంఘాల్లో తిరిగేవాళ్ళకి ఫోన్లు, ఉత్తరాలు. తుపాకీ లేకుండా మాట్లాడేవాళ్ళే వాళ్ళకి దొరికింది.

ఆ రోజుల్లో రెండు వైపుల ఉత్తరాలూ మాకొచ్చేవి. తెల్లారి షట్టర్ తీస్తే కింద పడుండేవి. నేను పక్కపక్కన పెట్టుకుని చదివేవాణ్ణి. వాళ్ళకి సహకరిస్తే శిక్ష తప్పదని ఒకటి, వీళ్ళకి సహకరిస్తే శిక్ష తప్పదని ఇంకోటి, పేర్లు మారిస్తే రెండూ ఒకే ఉత్తరం. భాష కూడా అదే, ద్రోహి అనీ, హెచ్చరిక అనీ. మధ్యలో నిలబడే హక్కు మనిషికి ఉందని ఆ రెంటిలో ఎక్కడా కనపడదు.

ఇక్కడ ఇద్దరు పెద్దమనుషుల సంగతి చెప్పాలి. ఎస్.ఆర్. శంకరన్ గారని ఐఏఎస్, బీదోళ్ళ కోసం బతికిన మనిషి, ఆయన్ని 1987లో తూర్పుగోదావరి గుర్తేడు కాడ నక్సలైట్లు కిడ్నాప్ చేశారు. పౌరహక్కుల నాయకుడు బాలగోపాల్ గారిని 1989లో కొత్తగూడెంలో నక్సల్స్ వ్యతిరేక గుంపు ఎత్తుకపోయింది. తర్వాత చూడండి, శంకరన్ గారు 1997లో పౌరస్పందన వేదిక పెట్టి ఇటు ప్రభుత్వాన్ని అటు పార్టీని ఇద్దర్నీ నిలదీశారు, 2004 చర్చల వెనకాల ఉన్న పెద్దల్లో ఆయనే ముఖ్యుడు. బాలగోపాల్ గారు నక్సలైట్ల హింసని కూడా ప్రశ్నించాలని చెప్పి పాత పౌరహక్కుల సంఘం నుంచి బయటికొచ్చి 1998లో మానవహక్కుల వేదిక పెట్టుకున్నారు. ఇద్దర్నీ రెండువైపులా తిట్టారు. మావైపు జనానికి కొన్ని నెలలన్నా నిద్ర పట్టిందంటే ఇట్టాంటోళ్ళ వల్లే, వాళ్ళకి ఎప్పటికీ రుణపడి ఉంటా.

ఇంతా చదివి, అయితే ఇద్దరూ సమానమేనా అని అడగొద్దు. నేను ఆ మాట అన్లా. ఒకడి చేతిలో ప్రభుత్వం ఉండొచ్చు, ఒకడి వెనకాల వెయ్యేళ్ళ కులబలం ఉండొచ్చు, అన్యాయం ఎక్కడ మొదలైందనేది ఎప్పుడూ ఒక ప్రశ్నే. కారంచేడు మా జిల్లాలోదే అప్పటికి. 1985 జూలై 17న అక్కడ ఆరుగురు దళితుల్ని చంపారు. బాధితులు చీరాలొచ్చి శిబిరంలో ఉండి కొట్లాడారు, దళిత మహాసభ అందులోంచే పుట్టింది, దాన్ని తీవ్రవాదం అనేవాడితో నాకు మాటల్లేవు. కానీ ఆ కేసు సుప్రీంకోర్టులో తేలేసరికి 2008 అయింది. ఇరవై మూడేళ్ళు. మధ్యలో 1989లో పీపుల్స్‌వార్ వాళ్ళొచ్చి ముఖ్య నిందితుడైన చెంచురామయ్యని చంపిపోయారు. కోర్టు అంత ఆలస్యమైతే తుపాకీకి గౌరవం రాకుండా ఎట్టా ఉంటది చెప్పండి. మంచి మాటలతో మధ్యేమార్గం నిలబడదు, చట్టం పనిచేస్తేనే దాంట్లో నిలబడ్డోడికి విలువుంటది.

ఇది మన దగ్గరే ఉన్న జబ్బు కాదు. ఇంగ్లండ్‌లో లూటన్ అని ఒక ఊరుంది, 2009 మార్చిలో ఇరాక్ నుంచి వచ్చిన సైనికుల పరేడ్ జరగతా ఉంటే ఒక చిన్న ముస్లిం తీవ్రవాద గుంపు, ఇరవై మంది దాకా, అట్టలు పట్టుకుని తిట్టారు. దాని మీద కోపంతో లేచిందే ఇంగ్లీష్ డిఫెన్స్ లీగ్ అనే ముస్లిం వ్యతిరేక గుంపు, ఆ జూన్‌లో పుట్టింది. ఈలోపు మేలో ఆ ఊళ్ళో ఒక మసీదుకి నిప్పు పెట్టారు. ఏ మసీదు? ఆ తిట్టిన గుంపుని వ్యతిరేకించే మసీదు. ఆ నెలాఖర్న ఆ మసీదువాళ్ళే వీధిలోకొచ్చి ఆ గుంపుని తరిమేశారు, అది ఎంతమందికి తెలుసు? రోజర్ ఈట్‌వెల్ అనే ఇంగ్లండ్ ప్రొఫెసర్ 2006లోనే ఇట్టా ఒకదాని మీద ఒకటి పేరుకునే తీవ్రవాదం గురించి రాశాడు. ఐసిస్ వాళ్ళయితే దాచుకోలా కూడా, 2015లో వాళ్ళ పత్రికలో నలుపు తెలుపు కాని మధ్య ప్రాంతాన్ని లేకుండా చెయ్యాలని పచ్చిగా రాసుకున్నారు, మాతో ఉంటారా వాళ్ళతో ఉంటారా అని 2001లో బుష్ అన్నది నిజమేనని బిన్ లాడెన్ మెచ్చుకున్న మాటని అందులో ఎత్తి చూపించారు. శత్రువు మాటే వాళ్ళకి సాక్ష్యం.

ఇప్పుడు నెల్లూరు సంగతి. 2023, 24, 25 మూడేళ్ళూ వినాయక చవితి, మిలాదున్నబీ తొమ్మిది పది రోజుల తేడాలో వచ్చాయి. ఆ సీజన్లో షాపులో కూర్చుంటే తెలుస్తది. ఒకవైపు కుర్రోళ్ళొచ్చి ఫ్లెక్సీ వేయించుకుంటారు, దేవుడు చిన్నగా, వాళ్ళ మొహాలు పెద్దగా, కింద అవతలోళ్ళకి తగిలేట్టు ఒక లైను. మర్నాడు రెండోవైపు వాళ్ళొస్తారు, ఫోన్లో దాని ఫోటో చూపించి, దీనికంటే రెండడుగులు పెద్దది కావాలంటారు. రేటు అడగరు. ఆ పెద్ద ఫ్లెక్సీ వల్ల ఎవరికి తగిలిందో అని నేను కనిపెట్టి చూశా. అవతలి మతంవాళ్ళు చూసి పక్కకి తిరిగి పోతారు అంతే. తగిలేది సొంత పెద్దోళ్ళకి. ఉత్సవ కమిటీలో ఒక పెద్దాయన ఆ లైను తీసెయ్యండ్రా అంటే ఆయన్ని పిరికోడన్నారు. మసీదు కమిటీలో ఇంకో పెద్దాయన, నా కస్టమరే, ఇదంతా ఎందుకు బాబూ అన్నందుకు ఆయన కొడుకు వయసోళ్ళే నువ్వు అమ్ముడుపోయావన్నారు. ఆ ఇద్దరు పెద్దోళ్ళూ ఒకప్పుడు పక్కపక్క షాపులు. ఇప్పుడు ఇద్దరి మాటా వాళ్ళ వాళ్ళ దగ్గర చెల్లట్లా, చెల్లకుండా చేసినోడు ఎదుటి మతంవాడు కాదు.

వీడియోలు కూడా అట్టాగే. వేరే రాష్ట్రంలో ఎవడో మైకు పట్టుకుని బూతులు మాట్లాడిన ఒకే వీడియో నాకు రెండు గ్రూపుల్లో వచ్చింది. ఒకదాంట్లో మనోడు ఎట్టా చెప్పాడో చూడండి అని, రెండోదాంట్లో వాళ్ళెట్టాంటోళ్ళో చూడండి అని. వాడికి రెండు చోట్లా చూపులే, రెండు చోట్లా పేరే. కోపంతో పంపినోడూ వాడికి పని చేసిపెట్టినట్టే.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది రొట్టెల పండగ మీద జరిగేది. బారాషహీద్ దర్గా కాడ, స్వర్ణాల చెరువులో దిగి జనం రొట్టెలు మార్చుకుంటారు, పెళ్ళి రొట్టె, ఉద్యోగం రొట్టె, బిడ్డల రొట్టె, ఇంటి రొట్టె. కోరిక తీరినోళ్ళు ఇస్తారు, కోరుకునేవాళ్ళు పట్టుకుంటారు, ఇచ్చే చేయి ఏ మతందో ఎవరూ అడగరు. మొహర్రం దగ్గరపడేకొద్దీ ఇప్పుడు నాకు రెండు రకాల మెసేజీలు వస్తన్నాయి. హిందువులు దర్గాకి పోవడమేందని ఒకటి. ఇది అసలు ఇస్లామే కాదు, దర్గా కాడ మొక్కడం పాపం, ముస్లింలు పోకూడదని ఇంకోటి. ఒకళ్ళనొకళ్ళు తిట్టుకునే ఈ ఇద్దరూ అడిగేది ఒకటే, ఆ చెరువు ఖాళీ కావాలి. మీ ప్రశ్నకి ఇంతకంటే సూటి జవాబు నా దగ్గర లేదు.

ఏం చెయ్యాలి అంటారా. అవతలి గుంపుని ఖండించడం తేలిక, మన గుంపులో చప్పట్లు కూడా పడతాయి, కానీ అవతలోళ్ళు అది విని మారరు. సొంత వైపు వాణ్ణి, పండక్కి ఇంటికొచ్చే మేనల్లుణ్ణి, క్రికెట్ గ్రూపులో ఉన్న సావాసగాణ్ణి ఆపితే పని జరుగుద్ది, కష్టం కూడా అదే. తిట్లు తినాల్సొచ్చుద్ది. మీ వైపు పెద్దాయన ఎవరన్నా వద్దురా అని నిలబడితే ఆయన పక్కన ఇంకొకళ్ళు నిలబడటం చాలా ముఖ్యం, ఒంటరిగా ఉన్నోణ్ణే ముందు పడగొడతారు, మా ఆర్ఎంపీ పక్కన ఆ రోజు ఊళ్ళో నలుగురు నిలబడుంటే ఆయన పొయ్యేవాడు కాదని నా నమ్మకం. ఒక వీడియో చూసి రక్తం మరిగితే ఎవరికీ పంపకండి, అది తప్పని చెప్పడానికి కూడా పంపకండి.

నా షాపులో ఇప్పుడు పండగ ఫ్లెక్సీ ఏ మతందైనా వేస్తా, ఎదుటోళ్ళకి తగిలే లైను ఉంటే వేయను, డబ్బులు ఎక్కువిస్తామన్నా వేయను. కొంతమంది కస్టమర్లు పోయారు. మా వీధిలో ఇంకో రెండు షాపులవాళ్ళతో మాట్లాడితే వాళ్ళూ సరే అన్నారు, ఒకాయన మాత్రం నేను వేయకపోతే బస్టాండ్ కాడ వేస్తారుగా, నాకెందుకు నష్టం అన్నాడు. ఆయన దగ్గరికి మళ్ళీ పోవాలి, ఈసారి కమిటీ పెద్దోళ్ళిద్దర్నీ కూడా తీసుకుని పోదామనుకుంటన్నా.