పూలుపండ్లు అయినయి, ఇగ ఫోటోల ముచ్చట

ఈసారి వచ్చిన ఉత్తరాలల్ల సగం ప్రీ వెడ్డింగ్ షూట్ గురించే ఉన్నయి, అందుకే పేజీ మొత్తం దానికే ఇచ్చేసినం.

ప్రశ్న: అన్నా, మాది హన్మకొండ. పోయిన నెల పూలుపండ్లు అయినయి, లగ్గం ఫాల్గుణంల. ఆయనది హైదరాబాద్‌ల జాబ్, ఆదివారం ఒక్కటే వస్తడు. ఫోటోగ్రాఫర్ ఏమో ఒక్క రోజుల ఖిలా వరంగల్, వేయి స్తంభాల గుడి, రామప్ప, లక్నవరం నాలుగు కవర్ చేస్తా, ఐదు డ్రెస్సులు తెచ్చుకోండి అంటున్నడు. ఇంట్ల అందరు ఓకే అన్నరు గానీ నాకే ఏదో డౌట్ కొడుతుంది. ఇంకోటి, ఆయనకు కెమెరా అంటే మస్తు సిగ్గు, పూలుపండ్ల ఫోటోలల్ల అన్నిట్ల బిగుసుకపోయి ఉన్నడు. ఏం జేయాలె?

జవాబు: నీ డౌటే కరెక్ట్ చెల్లె. నాలుగు జాగలు ఒక్క రోజుల అంటే అది షూట్ కాదు, టూరిస్ట్ బస్సు. లెక్క నువ్వే సూడు. డిసెంబర్, జనవరిల మన దిక్కు పొద్దు పొడిసేది ఆరున్నర దాటినంక, మంచి వెలుగు ఉండేది ఎనిమిది, ఎనిమిదింబావు దాకా, మళ్ళ సాయంత్రం నాలుగుంబావు నుంచి పొద్దుగూకే దాకా, అంటే ఐదూ ముప్పావు, ఆరు అనుకో. ఈ రెండిటి నడుమ ఎండ నెత్తి మీద ఉంటది, కండ్ల కింద నల్లగ నీడ పడ్తది, మేకప్ కరుగుతది, ఇద్దరు చిరాకు పడ్తరు. హన్మకొండ నుంచి రామప్పకు 70 కిలోమీటర్ల దాకా ఉంటది, అక్కడ్నుంచి లక్నవరం ఇంకో ముప్పావు గంట, ఉన్న మంచి వెలుగు అంత కారులనే అయిపోతది. డ్రెస్సుల సంగతి అయితే ఇంకా ఘోరం, చీర మార్చి, జడ మార్చి, నగలు మార్చి, పిన్నులు పెట్టుకునేసరికి ఎంత లేదన్నా అరగంట, ఐదు డ్రెస్సులంటే నీ రోజంత కారు అద్దాలకు చున్నీలు కట్టుకునుడుతోనే సరిపోతది.

ఒక్క జాగ, ఒక్క పూట, రెండు డ్రెస్సులు. అందుల ఒకటి ఇంటి నుంచే కట్టుకొని పో. మీరు అడిగిండ్రు కాబట్టి నా ఓటు ఖిలా వరంగల్‌కే. దగ్గర, తోరణాలు నాలుగు దిక్కుల నాలుగున్నయి, మన రాష్ట్ర చిహ్నంల ఉన్న తోరణం ఇదే, పైగా అక్కడ ఫోటో తీస్తే ఎవరైన సూడంగనే ఇది వరంగల్ అని చెప్తరు, లక్నవరం వంతెన మీద తీస్తే ఎక్కడో చెరువు అంటరు. అయితే ఒక చిన్న కిటుకు ఉంది. అందరు పోయి తోరణం కంబాల నడుమ నిలబడ్తరు, ఫోటోల తోరణం పెద్దగ, మనుషులు చీమలంత పడ్తరు. తోరణం నుంచి ముందుకు నడిసి వచ్చి మీరు నిలబడాలె, ఫోటోగ్రాఫర్ ఇంకా దూరం పోయి పెద్ద లెన్స్‌తోని తీయాలె, అప్పుడు తోరణం మీ వెనుక దగ్గరికి వచ్చినట్టు కొడ్తది. పొద్దుగాల సూర్యునికి మొఖం పెట్టి నిలబడితే ఇద్దరు కండ్లు చికిలించుకుంటరు, సూర్యుణ్ని వీపు దిక్కు పెట్టుకోండి, జుట్టు అంచుల మీద వెలుగు పడ్తది, మొఖం మెత్తగ వస్తది. రంగు కూడా సూసుకో, ఆ రాయి అంత ముదురు బూడిద రంగు, మెరూన్, నేవీ బ్లూ, బ్లాక్ వేసుకున్నరంటే రాయిల కలిసిపోతరు. పసుపు, చిలుకాకుపచ్చ, గంధం రంగు, తెల్ల కుర్తా, ఇవి మస్తు లేస్తయి. ఎండ ఎక్కినంక ఇంక కొన్ని కావాలంటే అక్కడ్నే ఖుష్ మహల్ ఉంది కదా, దాని కమాన్ల కింద నీడల తీసుకోండి. మధ్యలో కూసోవడానికి కొత్తవాడ జంపఖానా ఒకటి తీసుకపో, వరంగల్ జంపఖానాలకు 2018ల జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ఊరి సరుకే అని సర్కారు ఇచ్చే గుర్తింపు, వచ్చింది, ఫోటోల రంగులు కూడా కళకళలాడ్తయి, ఆన్‌లైన్‌ల కొన్న ప్లాస్టిక్ పూల ఫ్రేం కంటే వెయ్యి పాళ్ళు నయం.

హీల్స్ వద్దు, ఆ రాళ్ళల్ల, గడ్డిల పాదం మడత పడ్తది, చీర కింద చెప్పులు ఎవ్వరు సూడరు.

పర్మిషన్ ముచ్చట ముందే తేల్చుకోవాలె. అది పురావస్తు శాఖ కాపలాల ఉన్న కట్టడం, చేతిల కెమెరా పట్టుకొని ఫోటోలు తీస్తే గొడవ లేదు గానీ ట్రైపాడ్, లైట్ స్టాండ్లు, పెద్ద పెద్ద రిఫ్లెక్టర్లు దించిండ్రంటే ముందు పర్మిషన్ కావాలె, లేకుంటే గేటు కాడ ఆపేస్తరు, మీ మంచి వెలుగంత అక్కడ బతిలాడుడుతోనే పోతది. గేటు పొద్దుగాల ఎన్నింటికి తీస్తరో ఫోటోగ్రాఫర్‌ని ముందు రోజు పోయి కనుక్కొని రమ్మను, అది ఆయన పని, నీది కాదు.

ఇగ ఆదివారం. ఆదివారం పోకు, ఖిలాల పిలగాండ్లు, స్కూలు టూర్లు, ఫ్యామిలీలు, ఏ ఫ్రేమ్‌ల సూసినా వెనుక ఎవరో ఒకరు సెల్ఫీ తీసుకుంటనే ఉంటరు. ఆయనను వారం మధ్యల ఒక్క రోజు సెలవు పెట్టమను, ముందు రోజు రాత్రి కాజీపేట ట్రైన్ దిగి మబ్బుల లేస్తే అయిపోయె. డిసెంబర్ సగం నుంచి సంక్రాంతి దాకా ధనుర్మాసం, ముహూర్తాలు ఉండయి, ఫోటోగ్రాఫర్లు ఖాళీగ కూసుంటరు, రేటు మాట్లాడాలన్నా టైమ్ ఎక్కువ అడగాలన్నా అప్పుడే. లగ్గాల సీజన్‌ల అడిగితే నిన్ను రెండు గంటల్ల పంపిచ్చేస్తరు.

వేయి స్తంభాల గుడి గురించి ఒక మాట. 1163ల రుద్రదేవుడు కట్టిచ్చిన గుడి, ఇప్పటికీ పూజలు నడుస్తయి, సోమవారం అయితే నిలబడ జాగ దొరకది. దర్శనానికి వచ్చిన ముసలవ్వను పక్కకు జరగమని ఫోటో తీసుకునుడు నాకైతే నచ్చది. ఇద్దరు కలిసి పోయి దండం పెట్టుకొని ప్రాంగణంల రెండు ఫోటోలు ఫోనుల తీసుకొని రాండ్రి, చాలు. రామప్ప మీద మనసు ఉంటే ఇంకో రోజు దానికే పెట్టుకో, 2021ల యునెస్కో లిస్టుల ఎక్కినంక జనం బాగా పెరిగిండ్రు, అది కూడా పూజలు జరిగే గుడే. ఒకటి గుర్తు పెట్టుకో, సమ్మక్క సారక్క జాతర ఉన్న ఏడు అయితే మాఘమాసంల ములుగు రోడ్డు మొత్తం మేడారం బండ్లే, ఆ రోజులల్ల రామప్ప, లక్నవరం పేరెత్తకు.

ఇగ మీ ఆయన సిగ్గు. అది రోగం కాదు, చాన మంది మొగపిల్లలు అంతే, చేతులు ఎక్కడ పెట్టుకోవాల్నో తెల్వక బిగుసుకపోతరు. స్మైల్ ప్లీజ్ అనొద్దని ఫోటోగ్రాఫర్‌కు ముందే చెప్పు. చేతికి పని ఇయ్యాలె. ఫ్లాస్కుల చాయ్ పట్టుకపో, ఇద్దరు జంపఖానా మీద కూసొని తాగండ్రి, ఆయన పోస్తడు, నువ్వు పట్టుకో, ఉడుకుడుకు చాయ్ చేతి మీద పడకుండ సూసుకునేటోనికి కెమెరా యాదికి రాదు. నడవండ్రి, గిట్ల కాదు మెల్లగ, మాట్లాడుకుంటనే. లగ్గం అయినంక ఉప్పల్‌ల ఉందామా కూకట్‌పల్లిల ఉందామా అని లొల్లి పెట్టుకోండ్రి, అప్పుడు వచ్చే మొఖాలే అసలు ఫోటోలు. మొదటి పావుగంటల తీసినయి ఎట్లాగు పనికి రావు, అవి వార్మప్ అనుకోండ్రి. నీ ఆడబిడ్డనో మీ చెల్లెనో ఎంట తీసుకపో, జోకులు ఏసేటోళ్ళు ఒకరు ఉంటే సాలు, ఇద్దరు ముగ్గురు అయితే మాత్రం మళ్ళ సిగ్గు మొదలైతది.

ప్రశ్న: అన్నా నేను జమ్మికుంట నుంచి. మా అమ్మ పెండ్లికి ముందు పిల్లను తీసుకొని ఎటు తిరగొద్దు, ఫోటోలు గీటోలు ఏమొద్దు అంటుంది. పిల్ల వాళ్ళింట్ల ఓకే. అమ్మను ఎట్ల ఒప్పియ్యాలె?

జవాబు: అమ్మకు ప్రీ వెడ్డింగ్ అనంగనే వానల తడుసుకుంట ఎత్తుకొని తిప్పే వీడియో యాదికొస్తది తమ్మి, ఆమె తప్పు లేదు, ఫంక్షన్ హాళ్ళల్ల ఎల్ఈడీ తెర మీద అవే తిరుగుతుంటయి, తాతలు, మేనమామలు తల దించుకొని అన్నం తింటుంటరు. ఆమె భయం ఇంకోటి కూడా ఉంటది, లగ్గం కాకముందు ఫోటోలు ఫోన్లల్ల తిరుగుతయేమో అని. ఆ భయంల న్యాయం ఉంది. అందుకని కొట్లాడకు, రెండు మాటలు ఇయ్యి. లగ్గం అయ్యేదాకా ఒక్క ఫోటో కూడా స్టేటస్‌ల, ఇన్‌స్టాల పెట్టం, ఫోటోగ్రాఫర్ కూడా తన పేజీల పెట్టడు అని వాట్సాప్‌ల రాపిచ్చుకుంట అను. రెండోది, అమ్మనే ఎంట రమ్మను. వస్తే అమ్మ, పిల్ల కలిసి ఒక ఫోటో దిగుతరు, ఆ ఫోటో ఫ్రేమ్ కట్టిచ్చి గోడకు పెట్టినంక నీ పని అలకగ అయితది. అయినా ఒప్పుకోకుంటే ఇడిసెయ్, లగ్గం అయినంక ఒడిబియ్యానికి పోయినప్పుడో, మొదటి పండుగకో దిగండ్రి, అప్పుడు ఎవ్వరు అడ్డం రారు, మీ ఇద్దరి నడుమ సిగ్గు కూడా ఉండది.

ప్రశ్న: పరకాల నుంచి. లక్నవరంల డ్రోన్ షాట్ కావాలె అన్న, ఫోటోగ్రాఫర్ ఎక్స్‌ట్రా పైసలు అడుగుతున్నడు. ఇంక రా ఫైల్స్, అంటే ఎడిట్ చేయని అసలు కెమెరా ఫైల్స్, ఇయ్యనంటున్నడు, అడగాల్నా?

జవాబు: రా ఫైల్స్ అడిగినా నీకు పనికి రావు, వాటికి వేరే సాఫ్ట్‌వేర్ కావాలె, ఎడిటింగ్ రావాలె. దాని బదులు అన్ని ఫోటోలు ఫుల్ సైజు జేపీజీలు ఇయ్యమను, అందుల ఎన్ని ఎడిట్ చేసి ఇస్తడు, ఏ తారీఖు వరకు ఇస్తడు, ఆల్బమ్‌ల ఎన్ని షీట్లు, ఈ నాలుగు ముక్కలు అడ్వాన్స్ ఇయ్యకముందు మెసేజ్‌ల పెట్టిపిచ్చుకో. హార్డ్ డిస్క్‌ల కాపీ నువ్వు కూడా తీసుకో, లగ్గాల సీజన్ల పాత ఫోటోలు డిలీట్ కొట్టి జాగ చేసుకునేటోళ్ళు ఉంటరు.

డ్రోన్‌కు వస్తే, 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం పైసలు తీసుకొని ఎగరేసేటోనికి, డ్రోన్ బరువు 250 గ్రాములు దాటితే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలె. ఉందా అని అడుగు, నీళ్ళు నమిలితే అక్కడనే అర్థమైతది. డ్రోన్ల కోసం సర్కారు పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌ల ఆ జాగ ఏ జోన్‌ల ఉందో సూపియ్యమను, లక్నవరం చుట్టు అడవి ఉంది కాబట్టి అక్కడి ఆఫీసుల కూడా అడిగి ఎగరేయమను. అన్ని సరిగ్గ ఉంటే ఎక్స్‌ట్రా పైసలు ఇయ్యి, వంతెన మీద మీరిద్దరు, కింద నీళ్ళు, ఆ ఒక్క షాట్ డ్రోన్‌తోనే వస్తది. గాలి మెల్లగ ఉండే పొద్దుగాలనే ఎగరేయమను, పది గంటలు దాటినంక బోటింగ్ జనం వంతెన మీదికి వచ్చేస్తరు.