బొండకొయ్య దగ్గర ఆగు

చిరంజీవికి ఆశీస్సులు.

డెమెరారా తిరుగుబాటు మీద నువ్వు రాస్తున్న నవల మొదటి మూడు ప్రకరణాలు అందాయి. రెండుసార్లు చదివాను. నీకు వాక్యం మీద పట్టు ఉంది, ఆ మనుషుల మీద ప్రేమా ఉంది. అయినా మొదటి ప్రకరణాన్ని పూర్తిగా తీసేయమని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నీ నవల మంటలతో మొదలైంది. చెరకుతోటలు తగలబడుతున్నాయి, దొరల తలలు తెగిపడుతున్నాయి. దక్షిణ అమెరికాలో, ఇప్పటి గయానాలో భాగమైన ఆ బ్రిటిష్ వలసలో 1823 ఆగస్టు 18, సోమవారం సాయంత్రం మొదలైనది అలాంటిది కాదు. 10,000 మందికి పైగా బానిసలు తిరగబడితే తెల్లవాళ్లలో చనిపోయినవారు ఇద్దరో ముగ్గురో. తోట తర్వాత తోటలో వాళ్లు దొర ఇంటిని చుట్టుముట్టి, తుపాకులు లాక్కుని, మేనేజరునూ ఓవర్సీర్లనూ బొండకొయ్యలో బిగించారు. నిన్నటిదాకా తమ కాళ్లు ఇరికించిన కొయ్య అది. నువ్వు ఆగవలసిన చోటు అదే. ఆ కొయ్య ఎంత బిగిస్తే చీలమండ ఒరుసుకుంటుందో, రాత్రి ఏ జాముకు కాలు తిమ్మిరెక్కుతుందో బిగిస్తున్నవాడికి తన ఒంటి మీద పడ్డ అనుభవంగా తెలుసు. తనను కొరడాతో కొట్టించినవాడు చేతికి చిక్కినా ప్రాణం తీయకుండా, కాళ్లు మాత్రం బిగించి తెల్లవార్లూ కాపలా కాసిన ఆ మనిషి మనసులో ఏముందో కనిపెట్టి రాయి. నీ కథానాయకుడు అతనే.

కారణాన్ని నువ్వు ‘దుర్భర జీవితం’ అన్న ఒక్క మాటతో దాటేశావు. జీవితం అంతకుముందూ దుర్భరమే కదా, మరి ఆ ఆగస్టులోనే ఎందుకు? బానిస స్త్రీలను కొరడాతో కొట్టరాదనీ, పొలంలో కొరడా పట్టుకుని పని చేయించరాదనీ లండన్ నుంచి ఆ జూలైలో గవర్నర్ ముర్రేకు ఉత్తర్వులు వచ్చాయి. అవి బానిసలకు చెప్పలేదు. కానీ భోజనాల బల్ల దగ్గర వడ్డించేవాళ్లకూ చెవులుంటాయి. రాజుగారు మనకేదో ఇచ్చారు, వీళ్లు దాచిపెట్టారు అన్న మాట గుడిసె నుంచి గుడిసెకు పాకింది. దాన్ని అమాయకుల వదంతిగా చిత్రించకు. వాళ్ల లెక్కలో తప్పింది ఇచ్చినది ఎంత అన్నదే, దాచారన్నది అక్షరాలా నిజం. ఆగస్టు 20న బాచిలర్స్ అడ్వెంచర్ అనే తోట దగ్గర సైన్యం ఎదురైనప్పుడు, ఏం కావాలని కర్నల్ లీహీ అడిగితే, కొందరు స్వేచ్ఛ కావాలన్నారు, కొందరు ప్రార్థనకు ఆదివారం కాక వారంలో మూడు రోజులు తమకోసం కావాలన్నారు. కాసేపటికి కాల్పులు మొదలయ్యాయి. అక్కడ వంద మందికి పైగా కూలిపోయారు. ‘వారంలో మూడు రోజులు’ అన్న ఆ కోరిక దగ్గర నేను ప్రతిసారీ పుస్తకం మూసి కూర్చుంటాను.

ఇక క్వామినా. సక్సెస్ తోటలో వడ్రంగి, పక్కనున్న లె రెసువెనీర్ తోటలోని ప్రార్థనా మందిరానికి పెద్ద. చిన్నతనంలో తల్లితోపాటు ఆఫ్రికా నుంచి తెచ్చి అమ్మిన మనిషి. భార్య పెగ్గీ జబ్బుపడి మంచంలో ఉంటే, దగ్గరుండటానికి సెలవివ్వక పగలంతా పని చేయించారు. ఒక సాయంత్రం గుడిసెకు వచ్చేసరికి ఆమె ప్రాణం పోయి ఉంది. అంతటి మనిషి, రక్తపాతం వద్దు, పనిముట్లు కింద పెట్టేద్దాం అని తిరుగుబాటుకు నాయకుడైన కొడుకు జాక్‌నూ అతని తోటివాళ్లనూ వారించాడు. సెప్టెంబరు 16న అతన్ని కాల్చి చంపి, శవాన్ని సక్సెస్ తోట ముందు వేలాడదీశారు. నువ్వు ఆ వేలాడిన దేహాన్ని రెండు పేజీలు వర్ణించావు. పెగ్గీకి ఒక్క వాక్యమైనా ఇవ్వలేదు.

కోర్టు కాగితాల గురించి కూడా చెప్పాలి. జాక్ పేర ఉన్న వాంగ్మూలాన్ని నువ్వు అతని సొంత గొంతుగా వాడుకున్నావు. ఉరితాడు ఎదుట పెట్టుకుని మాట్లాడినవాడి మాటలవి. దాని వెనుక మరొకరి కలం ఉందని చరిత్రకారులు అనుమానించారు. అందులో నేరమంతా ఆ ప్రార్థనా మందిరపు మతబోధకుడు జాన్ స్మిత్ మీదికి నెట్టడం ఎవరికి అవసరమో ఆలోచించు. స్మిత్‌కు మరణశిక్ష పడింది, 1824 ఫిబ్రవరిలో ఖైదులోనే క్షయతో పోయాడు. జాక్‌కు ప్రాణం దక్కింది, సెయింట్ లూసియాకు పంపేశారు. చాలా ఏళ్ల కిందట నేనూ ఒక పోలీసు కేసు కాగితాల్లోని ‘ఒప్పుకొన్నాడు’ అన్న మాటను నమ్మి ఒక రైతు కథ రాశాను. అచ్చయ్యాక అతని కూతురు మా ఇంటికి వచ్చి, ‘మా నాన్న అలా మాట్లాడడండీ’ అని మాత్రం అని వెళ్లిపోయింది. ఆ నొప్పి నీకు రాకూడదని ఇంత గట్టిగా చెబుతున్నాను.

చివరి ప్రకరణంలో మనవాళ్లను తేవాలన్న నీ ఆలోచన న్యాయమైనదే. సక్సెస్ తోట యజమాని జాన్ గ్లాడ్‌స్టన్, బానిసత్వం రద్దయ్యాక బానిసలకు బదులుగా భారతదేశం నుంచి ఒప్పందపు కూలీలను రప్పించాడు. 1838లో మొదటి ఓడలు కలకత్తా నుంచి వెళ్లాయి, 1845 నుంచి మద్రాసు ఓడల్లో తమిళులతోపాటు తెలుగువాళ్లూ వెళ్లారు. అయితే అది ఇప్పుడే రాయకు. ముందు ఆ సాయంత్రం వడ్రంగి పనిముట్ల సంచి భుజాన వేసుకుని గుడిసె తలుపు తోసిన క్వామినా వెంట లోపలికి వెళ్లు. అది రాశాక నాకు పంపు.

ఆశీస్సులతో.