నేస్తం ‘అండి’ అన్నప్పట్నుంచి నిద్ర లేదు.. ఇది గుండెజబ్బా?

ప్రశ్న: నా వయసు 51. మాది సోంపేట దగ్గర పల్లె. ఎనిమిదేళ్లప్పుడు పక్కవీధి పిల్లతో మా పెద్దలు నాకు నేస్తం కట్టించారు. తోటలో జీడిపిక్కలు కాల్చుకు తిని ఇద్దరికీ మూతులు పొక్కిపోయిన రోజులున్నాయి. పెళ్లయ్యాక తను ఖరగ్‌పూర్ వెళ్లిపోయింది. కొన్నాళ్లు ఉత్తరాలు, తర్వాత పండక్కో ఫోను, ఆనక అదీ లేదు. మొన్న రథసప్తమికి అరసవల్లి క్యూలో ఎదురుపడింది. ‘ఏటి నేస్తం, బాగున్నావా?’ అంటే ‘ఆఁ, బాగున్నానండి’ అని ముందుకెళ్లిపోయింది. అప్పట్నుంచి, రెండు నెలలుగా, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. అన్నం సయించదు. గుండెల మీద రాయి పెట్టినట్టుంటుంది. ఈసీజీ బాగుందన్నారు. ఊళ్లో ఆర్‌ఎంపీ గ్యాస్ మాత్ర, నిద్రమాత్ర ఇచ్చారు. సంగతి చెబితే మా ఆయన నవ్వుతున్నారు. ఇది గుండెజబ్బా, మనసు జబ్బా?
- ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

డాక్టర్ సలహా: అమ్మా, మీ ఆయన నవ్వాల్సిన విషయం కాదిది. మన వైపు నేస్తం అంటే బడిలో పక్కన కూర్చున్న పిల్ల కాదు. కొత్త బట్టలు పెట్టుకుని, రెండిళ్లవాళ్లూ కలుపుకున్న చుట్టరికం. నేస్తాలు ఒకరినొకరు పేరు పెట్టి కూడా పిలుచుకోరు, ‘నేస్తం’ అనే అంటారు. ఇక ‘అండి’ అంటే గుచ్చుకోదూ? చుట్టం పోతే పదిమందీ వచ్చి పక్కన కూర్చుంటారు. బతికున్న మనిషి దూరమైతే పరామర్శకు ఎవరూ రారు. ఆ ఏడుపు మీ ఒంట్లోనే ఉండిపోయింది.

అలాగని అంతా మనసు మీదకే నెట్టేయను. ఈసీజీ ఒకసారి బాగుంటే గుండె బాగున్నట్టేనని అనుకోవద్దు. ఆ బరువు బిందె మోసినప్పుడో, మెట్లెక్కినప్పుడో వచ్చి, కూర్చుంటే తగ్గుతోందా? అయితే ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్షలు అవసరం పడొచ్చు. చెమటలు, ఆయాసం, దవడకో చేతికో పాకే నొప్పి ఉంటే ఇక ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి. ఆడవాళ్లలో గుండెపోటు ఒక్కోసారి ఉత్త నీరసంగా, వికారంగానే కనబడుతుంది. దాన్ని గ్యాస్ అనుకుని ఆలస్యంగా వచ్చినవాళ్లను నేను చూశాను.

ఇంకొకటి. మీది ఉద్దానం, కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ప్రాంతం. అన్నం సయించకపోవడం, నిద్ర పట్టకపోవడం, నీరసం కిడ్నీ దెబ్బతిన్నప్పుడూ ఉంటాయి. కాబట్టి సీరం క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు తప్పకుండా చేయించండి. మీకు దగ్గర్లోనే, పలాసలో 2023 డిసెంబరులో మొదలైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ఉంది. వాటితోపాటు థైరాయిడ్, హిమోగ్లోబిన్, షుగర్, బీ12 కూడా. ముట్లు ఆగిపోయే వయసు కదా, నిద్ర చెడటానికి అదీ ఓ కారణం కావచ్చు. ఒళ్లు నొప్పులకని నొప్పి మాత్రలు మాత్రం మింగొద్దు.

నిద్రమాత్ర పేరు మీరు రాయలేదు. అల్‌ప్రజోలం లాంటిదైతే, రెండు నెలలుగా రోజూ వేసుకుంటుంటే, ఒక్కసారిగా ఆపేయకండి. వణుకు, గాభరా వస్తాయి. డాక్టరుకు ఆ స్ట్రిప్పు చూపించండి, మెల్లగా తగ్గిస్తారు.

ఇవన్నీ బాగుంటే, మీది డిప్రెషన్ అనే నా అనుమానం. దిగులు, చీకటితో మెలకువ, ఆకలి చచ్చిపోవడం రెండు వారాలు దాటితేనే మేం దాన్ని గట్టిగా పట్టించుకుంటాం. మీకు రెండు నెలలు. శ్రీకాకుళం సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్యుల్ని కలవండి. మందు ఇస్తే అది పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, నాలుగు రోజులకే మానేయొద్దు. ‘బతికి ఏం లాభం’ అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

ఇక ఆవిడ సంగతి. రథసప్తమి క్యూలో, వెనకనుంచి జనం తోస్తుంటే, ముప్పై ఏళ్ల తర్వాత ఎవరు మాత్రం ఏం మాట్లాడగలరు? పక్కన అత్తింటివాళ్లున్నారేమో. కొత్తవాళ్లతో ‘అండి’ అని అని నోటికి అదే అలవాటైపోయిందేమో. మిమ్మల్ని పోల్చుకునే లోపే లైను కదిలిపోయిందేమో కూడా. ఇంటికెళ్లాక తనూ కుమిలిపోయి ఉండొచ్చు. మీ ఉత్తరంలో ఆవిడ తరఫు మాట ఒక్కటే ఉంది, ఆ ‘అండి’!

వాళ్ల పుట్టింటివాళ్లనడిగి నంబరు సంపాదించండి. నిద్ర కాస్త కుదుటపడ్డాకే చేయండి సుమా. ఇప్పుడు చేస్తే మొదటి మాటే నిష్ఠూరం అవుతుంది. ‘ఎందుకు మర్చిపోయావు’ అని మొదలుపెట్టకండి. ఎలాగూ జీడి కోతల కాలం. ‘నేస్తం, పిక్కలు రాలుతున్నాయి, మూతులు పొక్కడం గుర్తుందా?’ అని వాట్సాప్‌లో ఓ ముక్క మాట్లాడి పంపండి. బదులు వస్తే సరే. రాకపోతే రెండు రోజులు బాధగానే ఉంటుంది, ఆ రెండు రోజులూ ఒంటరిగా ఉండకుండా మీ అమ్మాయో చెల్లెలో ఎవరో ఒకరు ఇంట్లో ఉండేలా చూసుకోండి.

ఒకవేళ ఆవిడ వచ్చి, ఇద్దరూ మళ్లీ తోటకెళ్తే, పిక్కలు కొట్టే ముందు చేతులకు నూనె రాసుకోండి. చర్మాన్ని పొక్కించేది ఆ తొక్కలోని జీడే. పొగకు కూడా ఎదురుగా కూర్చోవద్దు.