పావు దినార్‌ను పావలా అనుకోవద్దు

ప్రశ్న: అక్కా, మాది బద్వేలు దగ్గర పల్లె. కువైట్ వచ్చి నలభై రోజులైంది. ఫర్వానియాలో ఒక అంగట్లో పని, జీతం 120 దినార్లు. ఏది కొనబోయినా రూపాయల్లో ఎంతని లెక్కేస్తా, ఇక టీ కూడా గొంతు దిగదు. చిల్లర చేతికొస్తే ఏ బిళ్ల ఎంతో తెలియదు. బస్సంటే భయమేసి రెండుసార్లు టాక్సీ ఎక్కితే నాలుగు దినార్లు పోయాయి. ఏం చేయాలి?

జవాబు: తమ్ముడూ, పద్నాలుగేళ్లు అక్కడ ఇంటిపని చేసి కడపకు తిరిగొచ్చినదాన్ని. నీ ఉత్తరంలో నా మొదటి నెలే కనిపించింది.

ముందు చిల్లర సంగతి చూడు. అక్కడి చిల్లరను ఫిల్సులు అంటారు, వెయ్యి ఫిల్సులైతే ఒక దినార్. బిళ్లకు ఒకవైపు తెరచాప పడవ, రెండోవైపు అరబ్బీ అంకె ఉంటాయి. మన సున్నాలా గుండ్రంగా కనిపించేది వాళ్లకు అయిదు. వాళ్ల సున్నా ఉత్త చుక్క. నిలువు గీత పక్కన రెండు చుక్కలుంటే 100 ఫిల్సులు, గుండ్రం పక్కన ఒక్క చుక్క ఉంటే 50. ఇది తెలియని రోజుల్లో అర దినార్ చిల్లరని టాక్సీ ఆయన అయిదు బిళ్లలు చేతిలో పెడితే సరే అని దిగిపోయా. ఇంటికొచ్చాక మేడమ్ చూసి, అవన్నీ యాభైలేనని చెప్పింది. ఆ రాత్రే వాళ్ల చిన్నపాపతో నోట్‌బుక్కులో అంకెలు రాయించుకుని, ఒక్కో బిళ్లా పక్కన పెట్టుకుని నేర్చుకున్నా. ఒక్క సాయంత్రం పని, ఈరోజే కూర్చో.

నోట్లకు వెనకవైపు ఇంగ్లిష్ ఉంటుంది, ఇబ్బంది లేదు. పావు, అర దినార్లకు కూడా నోట్లే. పావు అనగానే మనకు పావలా గుర్తొచ్చి చెయ్యి జారుతుంది, కానీ అది అరవై రూపాయలకు పైమాటే. దినార్‌కు 1000 ఫిల్సులు కాబట్టి రసీదులో చుక్క తర్వాత మూడంకెలుంటాయి. 1.250 అంటే దినారుంపావు.

రూపాయల లెక్క ఇంటికి డబ్బు పంపే రోజుకు దాచుకో. అక్కడి ఖర్చును నీ రోజు సంపాదనతో పోల్చు. నీకు రోజుకు నాలుగు దినార్లు పడుతుంది. 100 ఫిల్సుల టీ అందులో నలభయ్యో వంతు, దానికోసం కడుపు మాడ్చుకోకు నాయనా. ఆ రెండు టాక్సీలు మాత్రం నీ ఒక రోజు చాకిరీ.

బస్సులో కండక్టర్ ఉండడు. ముందు డోర్‌లో ఎక్కి, డ్రైవర్‌కు దిగే చోటు చెప్పి డబ్బిస్తే టికెట్ ఇస్తాడు. మన కడప ఏడురోడ్ల దగ్గర షేర్ ఆటోను అడిగినట్టే, "ఫలానా చోటికి పోతుందా" అని ధైర్యంగా అడుగు. హిందీ రెండు ముక్కలొస్తే చాలు. నేనున్నప్పుడు పావు దినార్‌తో చాలా దూరం పోయేదాన్ని. మొదటిసారి శుక్రవారం, సెలవు రోజున, రూమ్‌లో పాతవాళ్లతో మాలియా బస్టాండ్ దాకా పోయి రా. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం మాత్రం స్టాప్‌లో నిలబడొద్దు. కడప ఎండ ఎరిగినవాళ్లమే అయినా, అక్కడ 50 డిగ్రీలు దాటిన రోజులుంటాయి.

పావు దినార్ నోట్లు నాలుగు ఎప్పుడూ చొక్కా జేబులో విడిగా ఉంచుకో. ఈసారి అమ్మకు ఫోన్ చేసినప్పుడు, టీ తాగే మాట్లాడుతున్నానని చెప్పు.