మద్యం తాగి బండి నడపడం ఎంత ప్రమాదమో టీనేజి పిల్లలకు ఎలా చెప్పాలి?

"తాగి నడపకు" అని ఆజ్ఞాపిస్తే పదహారేళ్ల పిల్లలు వింటారు గానీ నమ్మరు. ప్రమాదం ఎలా జరుగుతుందో లెక్కతో చూపిస్తే ఆలోచనలో పడతారు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు దూసుకుపోతుంది. ఖాళీ మైదానంలో ఆ దూరాన్ని వాళ్ల చేతనే అడుగులతో కొలిపించి, మత్తులో బ్రేకు మీద కాలు పడటం అర సెకను ఆలస్యమైనా అందులో సగం దూరం అదనంగా పోతుందని, ఆ సగంలో ఒక మనిషి నిలబడి ఉండవచ్చని చెప్పండి.

మద్యం మొదట దెబ్బతీసేది వివేచననే కాబట్టి, తాగినవారికి తాము బాగానే ఉన్నామనిపిస్తుంది. కాఫీ తాగినా, చన్నీళ్ల స్నానం చేసినా మత్తు త్వరగా దిగదు. పైగా తొందరపాటును అదుపుచేసే మెదడు ముందుభాగం సుమారు ఇరవై ఐదేళ్ల వరకు ఎదుగుతూనే ఉంటుంది. పక్కన స్నేహితులుంటే దూకుడు ఇంకా పెరుగుతుంది.

నా దృష్టిలో అన్నిటికన్నా పనికొచ్చేది ఇంట్లో ముందే చేసుకునే ఒప్పందం: ఏ అర్ధరాత్రి ఫోన్ చేసినా వచ్చి తీసుకువెళతామని, ఆ రాత్రికి ఒక్క ప్రశ్న కూడా వేయమని మాట ఇచ్చి (తామే తాగి తాళంచెవి అందుకునే పెద్దలకు ఈ మాట ఇచ్చే అర్హత ఉండదు), దాని మీద నిలబడాలి. తాగిన స్నేహితుడి బండి ఎక్కనని ఏ మాటలతో చెప్పాలో కూడా ఒకటి రెండుసార్లు వాళ్ల నోటితోనే పలికించండి.